ఈ పాట ఎవరిది? గతించిన గాయకులను, గేయకర్తలను తలచుకోవడంలోని చిక్కు

2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూసినప్పటి నుంచి మరునాటి అంత్యక్రియల దాకా ఊరూరా మోగిన పాటల్లో 'బండెనక బండి కట్టి' ఒకటి. దాన్ని గద్దర్ పాటగానే అందరూ వేశారు, గద్దర్ పాటగానే విన్నారు. అయితే ఆ పాట కట్టింది గద్దర్ కాదు. నిజాం పాలనకు వ్యతిరేకంగా సాగిన రైతాంగ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాట అది. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి'లో గద్దర్ స్వయంగా తెర మీదికి వచ్చి దాన్ని పాడడంతో, యాదగిరి పేరు తెలియని కొన్ని తరాలకు అది గద్దర్ గొంతుతోనే అందింది. ఇందులో గద్దర్ కాజేసిందేమీ లేదు, శ్రోతల తప్పూ లేదు. ఒక పాట మనిషి నుంచి మనిషికి నడిచివెళ్లేటప్పుడు దారిలో ఏం జారిపోతుందో చెప్పడానికి మాత్రం ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

గత ఐదారేళ్లలో తెలుగు పాట పోగొట్టుకున్నవారు తక్కువ మంది కారు. 2020 ఆగస్టులో వంగపండు ప్రసాదరావు, ఆ సెప్టెంబరులోనే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, 2021 జనవరిలో వెన్నెలకంటి, నవంబరు చివరి రోజున సిరివెన్నెల సీతారామశాస్త్రి, 2023లో వాణీ జయరాం, రాజ్-కోటి ద్వయంలోని రాజ్, సాయిచంద్, గద్దర్, 2025 మార్చిలో గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్, ఆ నవంబరులో అందెశ్రీ. వీరిలో ప్రతి ఒక్కరికీ దక్కిన నివాళి దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది: పాడిన లేదా రాసిన పాటల సంఖ్య, వచ్చిన పురస్కారాలు, 'తీరని లోటు' అనే మాట, ఆ తర్వాత ఒక విగ్రహమో, ఒక వీధి పేరో. కానీ వీరందరికీ పాటతో ఉన్న సంబంధం ఒక్కటి కాదు. ఒకరు ఇతరుల మాటలకు గొంతునిచ్చారు, ఒకరు ఇతరుల గొంతుకు మాటలిచ్చారు, ఒకరు అయిదు వందల ఏళ్లనాటి మాటలకు వరస కట్టారు, ఇంకొకరు అన్నీ తామే అయి జనం మధ్య నిలబడి పాడారు. అందువల్ల వారి తర్వాత చెరిగిపోయేది కూడా ఒక్కటి కాదు. పాటలు ఎక్కడికీ పోవు, ఫోనులో వెతికితే నిమిషంలో దొరుకుతాయి. పాటకూ దాన్ని చేసినవారికీ మధ్య ఉన్న ముడి విడిపోవడమే ఇక్కడ అసలు నష్టం. నివాళుల హడావుడిలో ఈ విషయం మీద చర్చ జరగడం అరుదు.

సినిమా పాటతోనే మొదలుపెడితే, అక్కడ గుర్తింపు ఒక క్రమంలో పంచబడుతుంది. ప్రేక్షకుడి నోట పాట ముందు కథానాయకుడిది, ఆ తర్వాత గాయకుడిది, ఆపైన సంగీత దర్శకుడిది, అన్నిటికన్నా చివర రచయితది. ఈ క్రమం జనం నోటికే పరిమితం అనుకోవడానికి కూడా వీల్లేదు. 27వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో 'శంకరాభరణం'కు కె.వి. మహదేవన్ ఉత్తమ సంగీత దర్శకుడు, బాలు ఉత్తమ గాయకుడు, వాణీ జయరాం ఉత్తమ గాయని. ఆ చిత్రానికి పాటలు రాసిన వేటూరి పేరు ఆ వరసలో లేదు. అదే చిత్ర దర్శకుడు కె. విశ్వనాథ్ 2023 ఫిబ్రవరి 2న, అంటే ఆ సినిమా విడుదలైన తేదీనే మరణించారు. రెండు రోజుల తేడాతో వాణీ జయరాం కూడా వెళ్లిపోయారు. ఆ వారమంతా 'శంకరాభరణం' పాటలు మోగుతూనే ఉన్నా వేటూరి పేరు వినిపించిన సందర్భాలు తక్కువే. 'రుద్రవీణ'లోని 'చెప్పాలని ఉంది' పాడినందుకు బాలుకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ పాట రాసిన సీతారామశాస్త్రికి పదకొండు నందులు వచ్చాయి కానీ జాతీయ పురస్కారం జీవితాంతం రాలేదు. పురస్కారాలే కొలబద్ద అని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. గొంతు వెంట గుర్తింపు ఎంత సులువుగా నడుస్తుందో, కలం వెంట ఎంత బెట్టు చేస్తుందో చూపడానికే ఈ లెక్క.

ఈ అసమానతను అందరికన్నా బాగా ఎరిగినవారు బాలసుబ్రహ్మణ్యమే. హరికథకుడి కొడుకుగా పుట్టి, తనకు తొలి అవకాశమిచ్చిన ఎస్.పి. కోదండపాణి పేరును తన రికార్డింగు థియేటరుకు పెట్టుకున్న మనిషి ఆయన. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా'లో పోటీకి వచ్చిన పిల్లలు నేరుగా పల్లవి అందుకోవడానికి వీలుండేది కాదు. చిత్రం పేరు, రచన ఎవరిది, సంగీతం ఎవరిది, పాడినవారెవరు అని చెప్పాకే పాట. ఎవరైనా తడబడితే ఆయన సరిదిద్దేవారు, ఆ పాట రికార్డింగు నాటి కబురు ఒకటి చెప్పేవారు, రచయిత ఒక మాటను ఎందుకు అక్కడ వాడారో విడమరచేవారు. పాట మీది కీర్తిలో సింహభాగం దక్కించుకున్న గొంతే, రెండు దశాబ్దాలకు పైగా ఆ కీర్తిని తిరిగి యజమానులకు పంచే పని పెట్టుకుంది. ఆయన పాడిన వేల పాటలు ఎవరైనా భద్రపరుస్తారు. ఆ కార్యక్రమంలో పాటకూ పాటకూ మధ్య దొర్లిన ఆ మాటలు మాత్రం ఆయనతోనే ఆగిపోయాయి. తెలుగు సినిమా పాట చరిత్ర రాయదలచినవారికి ఆ మాటల్లో ఉన్న సమాచారం ఇంకెక్కడా దొరకదు.

పేరు చెప్పి పాట వినిపించే అలవాటు బాలుతో పుట్టింది కాదు. అది వినే సాధనంలోనే ఉండేది. గ్రామఫోను రికార్డు నడిమి చీటీ మీద చిత్రం పేరుతో పాటు రచయిత, సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు అచ్చయ్యేవి. సినిమా హాలు బయట అమ్మిన పలుచని పాటల పుస్తకాల్లో కథ సగం చెప్పి 'శేషం వెండితెరపై' అని ఆపేసేవారు గానీ, పాట కింద రచయిత పేరు మాత్రం ఆపేవారు కాదు. ఆకాశవాణి వ్యాఖ్యాత పాటకు ముందు రచన, సంగీతం, గానం వరసగా చదివేది కాబట్టి, అక్షరం రాని శ్రోతకు కూడా ఆత్రేయ ఎవరో, ఆరుద్ర ఎవరో తెలిసేది. క్యాసెట్టు అట్ట మీద అక్షరాలు చిన్నవైనా పేర్లు మిగిలాయి. ఎంపీ3 వచ్చాక ఆ అట్ట పోయింది. పాట ఒక సంఖ్య, ఒక ఫైలు పేరుగా మారింది, ఆ పేరులో సినిమా ఉండేది, రచయిత ఉండేవాడు కాదు. ఇప్పటి యాప్‌లలో గాయకుడి పేరు పాట కింద పెద్దగా కనిపిస్తే, రచయిత పేరు కోసం మరో రెండు మీటలు నొక్కాలి. నొక్కినా పాత పాటలకు అక్కడ ఖాళీయే కనబడవచ్చు, లేదా ఆల్బమ్‌లోని పాటలన్నిటికీ కలిపి ముగ్గురు నలుగురు రచయితల పేర్లు గుత్తగా కనబడవచ్చు. ఒకే సినిమాకు ఇద్దరు ముగ్గురు రచయితలు పని చేయడం తెలుగులో మామూలే కాబట్టి, ఏ పాట ఎవరిదో చెప్పని పేర్ల గుత్తి ఎందుకూ కొరగాదు.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు, డబ్బు లెక్క కూడా దీని మీదే ఆధారపడి ఉంది. డిజిటల్ లోకంలో ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ రికార్డింగు వెనక ఉన్న రచనకూ బాణీకీ ఐఎస్‌డబ్ల్యూసీ అనే వేరే సంఖ్య ఉంటుంది. మొదటిది కంపెనీ చేతిలో ఉండే వస్తువుకు గుర్తు, రెండోది కర్తలకు గుర్తు. ఒకే పాటను పదిమంది పదిసార్లు రికార్డు చేస్తే మొదటి రకం సంఖ్యలు పది పుడతాయి, రెండోది ఒక్కటే ఉంటుంది. ఈ రెండింటినీ సరిగ్గా జత చేయకపోతే, పాట ఎన్ని లక్షలసార్లు మోగినా రచయిత ఇంటికి చేరాల్సింది దారిలోనే నిలిచిపోతుంది. ఇక చట్టం సంగతికి వస్తే, సినిమా కోసం డబ్బు తీసుకుని రాసిన పాటకూ కట్టిన బాణీకీ, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే మొదటి హక్కుదారు అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆపైన మూడున్నర దశాబ్దాలు రచయితలు, స్వరకర్తలు తమ హక్కులన్నిటినీ నిర్మాతకు రాసిచ్చి పారితోషికంతో సరిపెట్టుకున్నారు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ఆ పరిస్థితిని కొంత మార్చింది. సినిమా హాలు బయట పాట వాడుకలో వచ్చే రాయల్టీలో సమాన వాటా కర్తలకు దక్కాలనీ, వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప దాన్ని మరొకరికి వదులుకోవడం చెల్లదనీ చెప్పింది.

ఆ సవరణలోనే అంతగా ప్రచారం పొందని మరొక మార్పు ఉంది, ఈ వ్యాసానికి కావలసింది అదే. 'ఈ రచన నాది' అని చెప్పుకునే హక్కు కర్తకు 57వ సెక్షన్ కింద మొదటినుంచీ ఉంది. కానీ కర్త పోయాక ఆ హక్కును వారసులు వినియోగించుకునే వీలు 2012కు ముందు లేదు, రచనను వికృతం చేస్తే అడ్డుకోవడం వరకే వారి పాత్ర. సవరణ ఆ మినహాయింపును తొలగించింది. అంటే, ఈనాడు ఒక గేయరచయిత పాట కింద మరొకరి పేరు వేస్తే, ఆయన కుటుంబం చట్టం ఎదుట నిలబడి అడగవచ్చు. మరణించిన ఏడాది ముగిశాక అరవై ఏళ్లు కాపీరైట్ కొనసాగుతుంది కాబట్టి, సీతారామశాస్త్రి రచనల మీది హక్కులు ఎవరివైనా అవి 2081 చివరి దాకా నడుస్తాయి. అయితే అడగాలంటే ముందు ఏ పాట ఎవరిదో తేల్చే ఆధారం ఉండాలి.

ఆ ఆధారం విషయంలో సీతారామశాస్త్రి అదృష్టవంతుల కోవలోకి వస్తారు. ఆయన ఇంటిపేరు చేంబోలు, లోకానికి మాత్రం 1986లో వచ్చిన ఒక సినిమా పేరే ఆయన ఇంటిపేరు. ఆ చిత్రంలో కథానాయకుడు అంధుడైన వేణుగాన విద్వాంసుడు. ఆ పాత్ర కోసం రాసిన 'విధాత తలపున' పాట పల్లవిలోనే రచించేవాడిని విరించితోనూ (బ్రహ్మ), వినిపించేదాన్ని విపంచితోనూ (వీణ) పోల్చి, రాయడం ఒక పని, పాడడం మరొక పని అని రచయిత స్పష్టంగా రెండు వాక్యాలుగా విడగొట్టారు. పాట వింటూ ఆ విభజనను గమనించినవారు ఎందరో చెప్పడం కష్టం, ఎందుకంటే రెండు వాక్యాలనూ వినిపించింది ఒకే విపంచి. ఆ పాటలో దీర్ఘ సమాసాలు గొలుసుకట్టుగా వస్తాయి. బాలు, సుశీలల ఉచ్చారణ ఎంత తేటగా ఉన్నా, విని రాసుకునేవారు సమాసం ఎక్కడ విరిగిందో పట్టుకోలేక పదాలు మార్చేశారు, ఆ మారిన పాఠాలే నకళ్ల మీద నకళ్లుగా అంతర్జాలమంతా పాకాయి. రచయిత ఏం రాశాడో తేల్చడానికి గొంతు ఒక్కటే చాలదనడానికి ఇది మంచి రుజువు.

ఆయన తన పాటల్లో కొన్నింటికి నేపథ్యం, అర్థం తానే చెబుతూ 'సిరివెన్నెల తరంగాలు' వెలువరించారు. మరణానంతరం ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా పూనుకుని ఆయన సమగ్ర సాహిత్యాన్ని సంపుటాలుగా తెచ్చింది. 2022 మేలో, ఆయన జయంతి నాడు, మొదటి సంపుటి హైదరాబాదులో వెలువడింది. విదేశాల్లోని తెలుగువారు చేయగలిగిన సాంస్కృతిక సేవల్లో ఇది విగ్రహాలకన్నా, గజమాలలకన్నా ఎంతో మేలైనది. ఒక సినీ గేయరచయితను పాటల జాబితాగా కాక, పాఠం సరిచూసి అచ్చువేయదగిన కవిగా పరిగణించడం ఇందులోని విశేషం. ఒకే సన్నివేశానికి పల్లవుల మీద పల్లవులు రాసి, నచ్చేదాకా కొట్టివేస్తూ పోవడం సీతారామశాస్త్రికి అలవాటని ఆయనతో పని చేసినవారంతా చెబుతారు. ఆ కొట్టివేతలు దొరికినంత మేరకు దాచగలిగితే, అచ్చయిన పాట కన్నా అవి రేపటి రచయితకు ఎక్కువ నేర్పుతాయి.

ఈ అదృష్టం అందరిదీ కాదు. నెల్లూరు నుంచి వచ్చి, బ్యాంకు ఉద్యోగం చేస్తూ పాటలు మొదలుపెట్టిన వెన్నెలకంటి అనువాద చిత్రాలకు విరివిగా రాశారు. తమిళ నటుడి పెదవుల కదలికకు తెలుగు అక్షరం అతకాలి, బాణీ చెదరకూడదు, అర్థం మిగలాలి. ఇంత కట్టుదిట్టమైన పనిలో గెలిచినా, ఆ పాట మనకు చేరేసరికి స్వరకర్త పేరుతో తప్ప ఎవరి పేరుతోనూ చేరదు. అనువాద గేయరచయితల మీద పుస్తకాలు తెలుగులో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని కూడా లేవనాలి.

గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ సంగతి దీనికి సరిగ్గా తిరగబడ్డ కథ. అన్నమాచార్యుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారం నుంచి 1922లో వెలుగులోకి వచ్చాయి. ఆ రేకుల మీద కీర్తన పాఠం ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. అంటే పదిహేనో శతాబ్దంలో ఆ పాట ఎలా వినిపించిందో చెప్పగలవారు ఎవరూ లేరు. ఈరోజు మనం వింటున్న ప్రతి అన్నమయ్య బాణీ ఇరవయ్యో శతాబ్దం నుంచి ఎవరో ఒకరు కూర్చి కట్టినదే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి వంటి వారు ఆ పని చేశారు. తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టులో 1978 నుంచి 2006 దాకా పని చేసిన బాలకృష్ణప్రసాద్ ఆరు వందలకు పైగా కీర్తనలకు స్వరాలు సమకూర్చారు. పెళ్లి పందిట్లో తలంబ్రాల వేళ సన్నాయి మీదనో స్పీకరులోనో తప్పక వినిపించే 'పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు' వరస ఆయనది. 'వినరో భాగ్యము విష్ణుకథ' కూడా ఆయనదే. వినేవారికి మాత్రం అది అన్నమయ్య పాట, అంతే. మాట అయిదు వందల ఏళ్లది, బాణీ మన కళ్ల ముందు పుట్టినది అన్న తేడా భక్తిలో కరిగిపోయింది. స్వరకర్తకు ఇంతకు మించిన విజయం లేదని ఒక వాదన ఉంది. తన బాణీ అనాదిగా ఉన్నదే అనిపించడం సామాన్యమైన ప్రతిభ కాదు కూడా. కానీ ఆయన మరణవార్తల్లో చాలావరకు ఆయనను ముందు గాయకుడిగా పరిచయం చేసి, స్వరకల్పనను తర్వాతి వాక్యంలోకి నెట్టాయి. నిజానికి ఆ క్రమం తిరగబడాలి. ఆ కీర్తనలను ఇవాళ వేలమంది పాడుతున్నారు, వారందరూ పాడుతున్నది ఆయన కట్టిన వరస.

ఇక జనం పాట దగ్గరికి వస్తే చిక్కు మరింత ముడిపడుతుంది, ఎందుకంటే అక్కడ పేరు లేకపోవడం కొంతవరకు కోరుకున్నదే. పార్వతీపురం ప్రాంతపు పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పని చేసిన వంగపండు, తూప్రాన్‌లో గుమ్మడి విఠల్‌రావుగా పుట్టిన గద్దర్ 1972లో విప్లవ సాంస్కృతిక సంస్థ జన నాట్య మండలికి రూపమిచ్చినవారిలో ముఖ్యులు. ఒకరిది ఉత్తరాంధ్ర యాస, ఇంకొకరిది మెదకు యాస. ఒకరి పాటకు జముకుల కథ ఊపు ఉంటే, ఇంకొకరి పాటకు ఒగ్గుకథ, యక్షగానాల వారసత్వం ఉంది. పోలీసు నిఘా నీడలో తిరిగిన పాటకు రచయిత పేరు అంటగట్టడమంటే ఆ మనిషి చిరునామా ఇచ్చినట్టే. పాట సంస్థది, లేదా ప్రజలది. ఆ నియమం ఆనాడు అవసరం, ఉదాత్తం కూడా. దాని ఫలితం మాత్రం ఇప్పుడు కనబడుతోంది. ఆ తరం పాటలన్నీ క్రమంగా బాగా వినబడిన ఒకే గొంతు ఖాతాలో జమ అవుతున్నాయి. 'ఊరు మనదిరా' గూడ అంజయ్య రాశారు. ఆయన 2016లో మరణించేనాటికే ఆ పాట ఎన్నో భాషల్లోకి వెళ్లింది. దాన్ని గద్దర్ పాట అనేవారు ఇప్పటికీ ఎదురవుతారు. 2023 జూన్‌లో నలభై ఏళ్లు నిండకుండానే గుండెపోటుతో పోయిన సాయిచంద్ పేరు చెప్పగానే గుర్తొచ్చే 'రాతిబొమ్మల్లోన కొలువైన శివుడా' మిట్టపల్లి సురేందర్ రచన. గద్దర్ బండి యాదగిరి పాటకు ఏమయ్యారో, సాయిచంద్ సురేందర్ పాటకు అదే అయ్యారు. సురేందర్ సజీవంగా ఉన్నారు కాబట్టి ఆ పాట తనదని చెప్పుకోగలరు, యాదగిరికి ఆ వీలు లేదు.

పేరు చెరిగిన పాట ఎటైనా పోగలదు. వంగపండు 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' అన్నది శ్రీకాకుళ పోరాటం వైపు పిలుపు. 2009లో 'మగధీర'లో ఆ పల్లవి మాటలు నాయికానాయకుల ఆటపాటలోకి వచ్చిచేరాయి. కొత్త ప్రేక్షకుడికి అది సరసమే తప్ప సమరమని తట్టే అవకాశం లేదు. పాట అర్థం దాని పుట్టుకతో ఇంత గట్టిగా ముడిపడి ఉన్నప్పుడు, కర్త పేరు పోవడమంటే అర్థంలో సగం పోవడమే.

జనం పాటకు మరొక ఇబ్బంది ఉంది, పాఠం స్థిరంగా ఉండదు. గద్దర్ భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాలికి గజ్జెతో వేదికెక్కితే, పాట మధ్యలో ఆగి మాటలోకి వెళ్తుంది, మాట కథలోకి వెళ్తుంది, ఆ ఊరి దొర పేరో, ఆ వారం జరిగిన ఎన్‌కౌంటరో చరణంలోకి వచ్చి కూర్చుంటుంది, కోరస్ అందుకునేవారు ఆ మలుపును కళ్లతోనే కనిపెట్టి పల్లవి ఎత్తుకుంటారు. క్యాసెట్టులో ఎక్కినది ఆ పాటల్లో ఒక రోజు రూపం మాత్రమే. 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో జన సముద్రం ముందు పాడినదీ, 1997 ఏప్రిల్‌లో తన మీద జరిగిన కాల్పుల్లో తూటా వెన్నులో మిగిలిపోయాక పాడినదీ, తెలంగాణ ఉద్యమంలో పాడినదీ ఒకే పాట పేరుతో ఉన్నా ఒకే పాట కాదు. సీతారామశాస్త్రి విషయంలో శుద్ధప్రతి ఏదని వెతకడం సబబు. గద్దర్ విషయంలో ఆ వెతుకులాటే పొరపాటు, ఎన్ని రూపాలు దొరికితే అన్నీ, తేదీతో, ఊరితో సహా దాచుకోవాలి. పుస్తకాలు, వార్తాపత్రికలు జాతీయ గ్రంథాలయానికి పంపడం మన చట్టంలో తప్పనిసరి, ధ్వని రికార్డులకు అలాంటి నియమం లేదు. అందువల్ల ఇళ్లలో మూలన పడి ఉన్న క్యాసెట్లే ఆ పాటల నిజమైన భాండారం. అయస్కాంతపు పూత రాలిపోయే టేపుకు ఆయుష్షు తక్కువ.

అందెశ్రీ ఈ రెండు లోకాల నడుమ నిలబడ్డ మనిషి. బడి మెట్టు ఎక్కకుండా, గొడ్లు కాసి, తాపీ పని చేసి ఆశువుగా పాట కట్టిన ఈ కవి రచన 'జయ జయహే తెలంగాణ' ఉద్యమ కాలంలో సభల్లో, బడుల్లో ఎవరికి తోచిన శ్రుతిలో వారు పాడుకున్న పాట. 2024 జూన్ 2న కీరవాణి సంగీతంతో అది రాష్ట్ర గీతంగా అధికారికంగా వెలువడింది. ఆంధ్ర ప్రాంతపు సంగీత దర్శకుడికి ఆ పని అప్పగించడం మీద అప్పట్లో వాదోపవాదాలు జరిగాయి. ఆ గొడవలో ఒక మంచి కూడా జరిగింది: పాట రాసినవారెవరు, కూర్చినవారెవరు అన్న ప్రశ్న ఊరి రచ్చబండ దాకా వచ్చింది. తెలుగు నేల మీద ఒక పాట రచయిత పేరు ఇంత విస్తృతంగా జనానికి తెలియడం ఈ మధ్య కాలంలో ఇదే కావచ్చు. ఏడాదిన్నర తిరగకుండానే, 2025 నవంబరు 10న ఆయన మరణించారు. రాష్ట్ర గీతం రాశారన్న ఒక్క వాక్యంలో ఆయన ముగిసిపోయే ప్రమాదం కూడా అక్కడే ఉంది. మనిషితనం కరువవడం మీద ఆయన కట్టిన 'మాయమైపోతున్నడమ్మ' కవిగా ఆయన ఎత్తును రాష్ట్ర గీతం కన్నా బాగా చెబుతుంది.

ప్రభుత్వాలు తలచుకునే తీరు వేరు. నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు బాలు పేరు పెట్టారు. తెలంగాణ తన చలనచిత్ర పురస్కారాలకు గద్దర్ పేరు పెట్టి 2025 జూన్‌లో తొలిసారి ప్రదానం చేసింది. 'ఒరేయ్ రిక్షా'లో చెల్లెలి మీద రాసిన పాటకు వచ్చిన నందిని కాదన్న మనిషి పేరు మీద సినిమా పురస్కారాలు! దీన్ని విడ్డూరం అనవచ్చు, కాలం తెచ్చిన రాజీ అనవచ్చు. ఏదేమైనా పురస్కారం పేరు మనిషిని గుర్తుచేస్తుంది, ఆయన ఏ పాట ఎందుకు కట్టాడో చెప్పదు.

ఇంతవరకు చెప్పినదాంట్లో గొంతు ఒక్కటే భద్రంగా ఉన్నట్టు కనబడింది. ఆ భరోసా కూడా ఈ మధ్యే సడలింది. 2023 చివర్లో వచ్చిన 'కీడా కోలా'లో బాలు గొంతును కృత్రిమ మేధతో తిరిగి పుట్టించి వాడారనీ, అందుకు తమను అడగలేదనీ కుటుంబం తరఫున ఎస్.పి. చరణ్ 2024 జనవరిలో చిత్ర బృందానికి లీగల్ నోటీసు పంపారు. దాదాపు అదే రోజుల్లో ఎ.ఆర్. రహమాన్ తమిళ 'లాల్ సలామ్'లో మరణించిన ఇద్దరు గాయకులు బంబా బాక్య, షాహుల్ హమీద్‌ల గొంతులను ఇదే పద్ధతిలో వాడి, కుటుంబాల అనుమతి తీసుకున్నామనీ, తగిన పారితోషికం ఇచ్చామనీ ప్రకటించారు. సాంకేతికత ఒక్కటే, నడవడి రెండు. చట్టం ఈ రెండింటి మధ్య తేడాను ఇంకా పూర్తిగా తేల్చలేదు. గాయకుడి హక్కు అతడు పాడిన ప్రదర్శనకు యాభై ఏళ్లు ఉంటుంది, పాడని పాటలో వినబడే గొంతుకు అది వర్తిస్తుందా అన్నది వేరే ప్రశ్న. 2024 జులైలో బొంబాయి హైకోర్టు అరిజిత్ సింగ్ గొంతును అనుమతి లేకుండా అనుకరించే యంత్రాలను అడ్డుకుంది, కానీ ఆయన జీవించి ఉన్న గాయకుడు. వ్యక్తిత్వ హక్కులు మనిషితోపాటే ముగుస్తాయి, వారసులకు సంక్రమించవు అని 2023లో ఢిల్లీ హైకోర్టు ఒక నటుడి కేసులో అభిప్రాయపడింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, సరిగ్గా రక్షణ కావలసిన చోటే, అంటే గాయకుడు ఇక లేని చోటే, చట్టం సందిగ్ధంలో ఉందని తెలుస్తుంది. బాలు పాడని పాట బాలు గొంతుతో వినబడితే, పాతికేళ్ల తర్వాతి శ్రోతకు అది ఆయన పాటల జాబితాలో కలిసిపోతుంది. యాదగిరి పాట గద్దర్‌దైనట్టే, యంత్రం పాట బాలుదవుతుంది.

చేయగలిగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కాదు. సంగీత సంస్థలు తమ పాత ఆల్బమ్‌లకు పాటవారీగా రచయితల పేర్లు సరిచేయాలంటే చేతిలో ఉన్న రికార్డుల చీటీలు, పాటల పుస్తకాలు చాలు. రెండిటినీ సేకరించి దాచుకున్న అభిమానులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. దేవస్థానం తన రికార్డింగులన్నిటి మీద 'రచన అన్నమాచార్య' కింద స్వరకర్త పేరును అదే పరిమాణంలో వేయవచ్చు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో జానపద, విప్లవ గేయాల మీద పరిశోధనలు చాలానే జరిగాయి, వాటిలో మాటకున్న చోటు వరసకు, ప్రదర్శనకు లేదు. జన నాట్య మండలి తొలి తరంలో డప్పు కొట్టినవారు, కోరస్ అందుకున్నవారు కొందరు ఇంకా ఉన్నారు. ఏ పాటకు ఏ ఊళ్లో ఏ వరస కట్టారో, ఏ చరణం ఎవరిదో వారి దగ్గర కూర్చుని అడిగి రాసుకునే పని చాలావరకు మిగిలే ఉంది, వారందరూ డెబ్బయిల్లోనో ఆపైనో ఉన్నారు.